హేవలాక్ వంతెనకు ముందు బేరింగులు, తర్వాతే దీపాలు

సంపాదకుల వారికి,

గోదావరి మీది హేవలాక్ వంతెనను నడకదారిగా మార్చాలన్న మాట రాజమహేంద్రవరంలో ఏళ్లుగా నలుగుతోంది. 1897లో పని మొదలై 1900లో రైళ్లకు తెరిచిన ఈ 56 ఖానాల (రెండు స్తంభాల మధ్య భాగం ఒక ఖానా) వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. 2025 జూన్‌లో రూ. 94.44 కోట్ల అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెన కూడా ఉంది కాబట్టి ఇక పని కదులుతుందన్న ఆశ కలుగుతోంది. కానీ చర్చంతా రంగు దీపాలు, తినుబండారాల దుకాణాలు, ఫొటోలు దిగే చోట్ల చుట్టూనే తిరుగుతోంది. మొదటి రూపాయి ఇనుముకీ రాయికీ వెళ్లాలి. రెండు ఒడ్డుల్లోని వాకర్స్ క్లబ్బులకూ కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులకూ టెండరు కన్నా ముందే ఇందులో చోటివ్వాలి.

రైళ్లు మోసిన వంతెనకు మనుషులొక లెక్కా అని చాలామంది అంటున్నారు. లెక్క వేసి చూద్దాం. ఒక్కో ఖానా సుమారు 45.7 మీటర్లు. దారి వెడల్పు మూడు మీటర్లనుకుంటే ఒక్క ఖానాకు 137 చదరపు మీటర్లు వస్తుంది. యాత్రాస్థలాల దగ్గరి వంతెనల నడకదారికి, రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం చదరపు మీటరుకు 500 కిలోల బరువు పట్టాలి. పొడవైన ఖానాల గర్డర్లకు ఆ నియమమే కొంత తగ్గింపు ఇస్తుంది, అది వదిలేసి చూస్తే జనం బరువే 68 టన్నులు దాటుతుంది. దాని కింద ఆరంగుళాల కాంక్రీటు పలక వేస్తే మరో 51 టన్నులు, అదీ రాత్రింబవళ్లు మీద ఉండే బరువు. అదే ఇనుప జాలీ పలకలైతే ఐదారు టన్నులతో సరిపోతుంది. ఖానాను మోసే ఇనుప దూలాలు, అంటే గర్డర్లు, ఒకప్పుడు ఇంతకన్నా ఎక్కువే మోశాయన్నది నిజం. అయితే అప్పటి మందం ఇప్పుడు ఉందా అన్నదే ప్రశ్న. స్లీపర్లు ఆనిన చోట గర్డరు పైఅంచు తుప్పు పడుతుంది, నీరు నిలిచే మూలల్లో రివెట్ల తలలు తినేసుకుపోతాయి. కాబట్టి ప్రతి ఖానాలో మిగిలిన మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) కొలిచాకే పైన ఏం వేయాలో తేల్చాలి. జాలీకీ ఇబ్బందులున్నాయి. కన్నాలు పెద్దవైతే చెప్పుల మడమలు ఇరుక్కుంటాయి, కింద నీళ్లు కనబడి పిల్లలు జంకుతారు. నడిచే మధ్యభాగంలో కన్నాలు చిన్నగా ఉన్న పలకలు వాడాలి. గళ్ల ఇనుప రేకు మాత్రం వద్దు. దాని అడుగున తేమ చిక్కుకుని తుప్పు పైకి కనబడకుండా పెరుగుతుంది.

అందరూ మరిచిపోయేది బేరింగులను, అంటే గర్డరు కొసకూ స్తంభానికీ మధ్య ఉండే ఆనికలను. ఎండకూ చలికీ మధ్య ఇనుము వేడి 40 డిగ్రీలు మారితే 45.7 మీటర్ల గర్డరు దాదాపు 22 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. ఆ కదలికకు వీలిచ్చేవి బేరింగులే. వాటిలో మట్టి, పావురాల రెట్ట గడ్డకట్టి బిగుసుకుంటే ఆ తోపు అంతా స్తంభం తలమీది రాయి మీద పడి, రాయి పగులుతుంది. కొత్త దారి పలకలు కూడా ప్రతి స్తంభం దగ్గర అంత సందు వదలాలి, పైన జారే రేకు కప్పాలి. స్తంభాల మీద మొలిచే రావి, మర్రి మొక్కలను పట్టి లాగకూడదు, వేళ్లతోపాటు గచ్చు ఊడివస్తుంది. మొదలంటా కోసి, మోడుకు మందు పూసి, ఎండాక సందులను సున్నపు గచ్చుతోనే పూడ్చాలి. సిమెంటు పెడితే లోపలి తేమ బయటికి రాక రాతి అంచులు రాలిపోతాయి. నదిపైన ఎత్తులో చేసే ఈ పనులన్నీ శిక్షణ ఉన్నవాళ్లవే. స్వచ్ఛంద కార్యకర్తలను అక్కడికి ఎక్కించవద్దు.

వాళ్ల పని గట్ల మీద ఉంది. ఇలాంటి పాత రైలు కట్టల మీద సర్కారు తుమ్మ బలుస్తుంది. నేలమట్టానికి నరికితే నెలలోనే పది చిగుళ్లు వేస్తుంది. జానెడు లోతు తవ్వి మొదలును తీసేయాలి. కానీ కట్ట వాలంతా ఒక్కసారే తవ్వితే వానకు మన్ను జారుతుంది. పది మీటర్ల ముక్కల చొప్పున తీసి, తొలకరి పడగానే అక్కడ వట్టివేరు జానెడు ఎడంతో వరుసలుగా నాటాలి. కట్టపై పాత కంకర ఉంటే ఎత్తి పారేయక్కర్లేదు. చదును చేసి రెండంగుళాల క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) పరిచి, తడిపి రోలరుతో తొక్కిస్తే చక్రాల కుర్చీ కూడా నడుస్తుంది. మధ్య ఎత్తుగా, రెండు పక్కలకు మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు లేకపోతే మొదటి వానకే గుంటలు పడతాయి.

ఇంకో పని లెక్కింపు. ఇప్పుడు జనం నది దాటే రోడ్డు కం రైలు వంతెన రెండు కొసల్లో ఇద్దరిద్దరు కూర్చుని, ఒక పనిదినం, ఒక ఆదివారం, పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు, ప్రతి పావుగంటకూ సైకిళ్లనూ కాలినడక వాళ్లనూ విడివిడిగా రాయాలి. అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు నుంచి పనికి, చదువుకు వచ్చేవాళ్లు ఎందరో ఆ కాగితమే చెబుతుంది. అది చేతిలో ఉంటే ఈ వంతెనను టిక్కెట్టు పెట్టే విహారస్థలంగా చూడాలో, రోజువారీ దారిగా చూడాలో వాదన అవసరం ఉండదు. మా అభిప్రాయంలో ఇది దారి. టిక్కెట్టు ఉండకూడదు.

2022 తర్వాత రెండు ఒడ్డులూ ఒకే జిల్లాలో ఉన్నాయి. కాబట్టి రెండు పట్టణాల మాస్టర్ ప్లాన్లలోనూ దీన్ని రహదారిగా గీయడం కష్టమేమీ కాదు. ఇటు గోదావరి స్టేషను, పుష్కర ఘాట్, అటు కొవ్వూరులోని గోష్పాద క్షేత్రం దాకా 1.8 మీటర్ల ఆటంకం లేని ఫుట్‌పాత్ ఉండాలి. దానిమీద ట్రాన్స్‌ఫార్మరు, తోపుడుబండి, బైకు ఏదీ రాకూడదు. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు, ప్రతి తొమ్మిది మీటర్లకు చదునైన మజిలీ ఉండాలి. వంతెన మొగలో కారు పార్కింగు పెడితే నడిచేవాళ్లకే చోటు పోతుంది.

జనసమ్మర్దం విషయంలో మొహమాటం పనికిరాదు. 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో 27 మంది ప్రాణాలు పోయాయి. మూడు మీటర్ల దారి మొత్తం విస్తీర్ణం 7,600 చదరపు మీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకు ఒక్కరికి మించి ఎక్కనివ్వకూడదు. పర్వదినాల్లో ఒకవైపు నడకే ఉండాలి, 2027 పుష్కరాల రోజుల్లో పూర్తిగా మూసేయాలి. చేతికంచె 1.4 మీటర్ల ఎత్తుతో, నిలువు కమ్మీలతో ఉండాలి. అడ్డ కమ్మీలైతే పిల్లలకు నిచ్చెనవుతాయి.

ఇదంతా జరగని పని కాదు. అమెరికాలో పొకీప్సీ దగ్గర హడ్సన్ నదిపై 1889 నాటి రైలు వంతెన 1974లో మంటలు చెలరేగి మూతపడింది. 1992లో స్థానికులు బృందంగా ఏర్పడి, 1998లో దాన్ని తమ చేతికి తెచ్చుకుని, 2009లో నడకదారిగా తెరిచారు. వాళ్లు కాంక్రీటు పలకలే వేశారు. మన గర్డర్లకు అవి సరిపడతాయో లేదో మందం కొలతలే చెప్పాలి. ఆ కొలతల నివేదికను టెండరు పిలిచే ముందు రెండు మున్సిపల్ కార్యాలయాల్లోనూ తెలుగులో ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు సివిల్ ఇంజనీర్లు, రాజమహేంద్రవరం