రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు ఒక మనవడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులు గారికి,

మా తాత కొత్తగూడెంలో బొగ్గు బావి కార్మికుడు. తట్టా, చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టుకుని లోపలికి దిగేవాడు. అక్కడి నుంచి నిజాం సైన్యంలో చేరి రెండో ప్రపంచ యుద్ధంలో మలయా (ఇప్పటి మలేసియా ప్రాంతం) వెళ్లాడు. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయా తీరంలోని కోట బారు పట్టణం దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం దగ్గర ఉన్నది మన హైదరాబాద్ పదాతి దళమే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. తాత బందీ అయ్యాడు.

ఇంట్లో నాయనమ్మ, చంకలో మా నాన్న. బతికున్నాడో లేదో చెప్పేవాళ్లు లేరు. పసుపు కుంకుమ తీయమని ఊరంతా అన్నా ఆమె తీయలేదు. యుద్ధం ముగిశాక ఎముకల గూడులా తిరిగొచ్చాడు. మళ్లీ బావిలోకే దిగాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అన్నం మెతుకు కిందపడితే ఏరుకుని తినేవాడు.

ఆయన సర్వీసు కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాను. "పాతవి, ఉర్దూలో ఉంటాయి, ఎవరు చదువుతారు?" అన్నారు. సార్, తార్నాకలోని మీ ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫారసీ చదివేవాళ్లు మీ దగ్గరే ఉన్నారు. ఆ సైనికుల పేర్లు వెతికించి, తెలుగులో జాబితా వేయించండి. మా నాన్నకు ఎనభై దాటాయి. తండ్రి పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆయన ఆశ.

ఇట్లు,
ఒక సింగరేణి కార్మికుడి మనవడు,
హైదరాబాద్