పుచ్చకాయ చెప్పిన కథ

సంపాదకులకు,

నవల సినిమాగా తీస్తే చెడిపోతుందనే మాట మీ సినిమా పేజీలో తరచూ చదువుతున్నాను. బ్రిటిష్ నవలా రచయిత ఫ్రెడరిక్ ఫోర్సైత్ సంగతి చూడండి. 1960లలో రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరిగా పారిస్‌లో పనిచేసిన మనిషి. చేతిలో డబ్బు ఆడని సమయంలో 35 రోజుల్లో 'ది డే ఆఫ్ ది జకాల్' రాశాడు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడు చేసే ప్రయత్నమే కథ. డిగాల్‌ను ఎవరూ చంపలేదని లోకమంతటికీ తెలుసు, ఇక టెన్షన్ ఏముంటుందని పలువురు ప్రచురణకర్తలు వద్దన్నారు. 1971లో అచ్చయ్యాక జనం ఎగబడి కొన్నారు.

ఆ నవలను 1973లో దర్శకుడు ఫ్రెడ్ జినెమన్ తీసిన సినిమాలో ఒక సీను ఉంది. హంతకుడు చెట్టుకు పుచ్చకాయ వేలాడదీసి తుపాకీ గురి సరిచూసుకుంటాడు. కాల్చడం, కాస్త సర్దుకోవడం, మళ్లీ కాల్చడం. చివరి తూటాకు కాయ తునాతునకలవుతుంది. ఒక్క డైలాగు లేదు, నాకు మాత్రం అరచేతులు చెమటలు పట్టాయి. విలేకరి పోగేసిన వివరాలను దర్శకుడు నమ్మాడు.

ఇదే కథ ఆధారంగా 1997లో వచ్చిన 'ది జకాల్' సినిమాలో డిగాల్ లేడు, కథ అమెరికాకు మారిపోయింది. బ్రూస్ విల్లిస్ ఉన్నాడు, అంతే!

మీ సమీక్షకులు ఈసారి మూల నవల కూడా చదివి రాస్తే బాగుంటుంది.

- ఒక పాఠకుడు, విజయవాడ