నీళ్లు లేని రోజున కూడా అది చెరువే

సంపాదకులకు,

అయ్యా,

ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవమని ఈ నెల 2న మీరు వేసిన ప్రత్యేక కథనం చదివాను. అరపేజీ పులికాట్ సరస్సు రాజహంసల ఫొటో, దాని కింద అధికారుల ప్రసంగాలు. బాగుంది. వారం తిరక్కుండానే అదే జిల్లా పేజీలో తిరుపతి రూరల్‌లోని మా చెరువును ‘నిరుపయోగంగా పడి ఉన్న లోతట్టు స్థలం’ అన్నారు. చదును చేసి ప్రజావసరాలకు వాడే ఆలోచన ఉందనీ రాశారు. ఏ చెరువో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు కాబట్టి పేరు చెప్పను. మీ విలేకరికి ఇవి రెండు వేర్వేరు వార్తలుగా కనిపించాయేమో!

రామ్‌సర్ ఒప్పందం అని నాలుగుసార్లు రాసిన వారు, అందులో ఏముందో కూడా రెండు ముక్కలు చెప్పాల్సింది. చిత్తడి నేలలను కాపాడాలని 1971లో ఇరాన్‌లో దేశాల మధ్య కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం, సహజంగా ఏర్పడినా మనుషులు కట్టినా, ఏడాదంతా నీళ్లున్నా కొన్నాళ్లే ఉన్నా, పారుతున్నా నిలిచినా, మంచినీళ్లయినా ఉప్పునీళ్లయినా అది చిత్తడి నేలే. సముద్రతీరంలో ఆటు వేళ ఆరు మీటర్ల లోతు మించని చోటు కూడా అందులోకే వస్తుంది. మన దేశం 1982లో ఆ ఒప్పందంలో చేరింది. ఆ లెక్కన కార్తీకంలో నిండి ఎండాకాలానికి నెర్రెలిచ్చే మా చెరువు కూడా చిత్తడి నేలే కదా? కాదట! 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో వరి పొలాలు, నదీ మార్గాలతో పాటు తాగునీటికీ సాగునీటికీ కట్టిన చెరువులను కూడా పక్కన పెట్టేశారు. రాయలసీమలో సాగు కోసం కట్టని చెరువు ఎక్కడుందో ఆ నిబంధనలు రాసిన వారే చూపించాలి.

మీ కథనంలోని నేలపట్టు సంగతే తీసుకోండి. గూడబాతులు (పెలికాన్లు) పులికాట్‌లో మేత తిని, గూళ్లు పెట్టుకునేది నేలపట్టు చెరువులోని, కడప అని పిలిచే చెట్ల మీద. అదీ పొలాలకు నీళ్లిచ్చే ఊరి చెరువే. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించారు కాబట్టి బతికిపోయింది. లేకపోతే ఏ మే నెలలోనో ఒక అధికారి జీపు దిగి, నీళ్లేవీ అని అడిగి, ఫైలు మీద ‘నిరుపయోగం’ అని రాసి వెళ్లిపోయేవాడు.

మన చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టువి. పై చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే ఇంకో చెరువు, చివరికి స్వర్ణముఖి నది. మధ్యలో ఒకదాన్ని మట్టి పోసి పూడిస్తే నీళ్లు ఆగవు, కాలనీల్లోంచి వెళతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏమయ్యాయో, రాయలచెరువు కట్టకు నీరు ఊరుతోందని చుట్టుపక్కల ఊళ్లు ఎలా ఖాళీ చేశాయో మీ పత్రికే రోజుల తరబడి రాసింది. మరుసటి వేసవికి అందరూ మర్చిపోయారు. మా చెరువు తూము రాతి కంబాలు రెండు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకదానికి ‘కొండ వ్యూ ప్లాట్లు, స్పాట్ రిజిస్ట్రేషన్’ అని ఫ్లెక్సీ కట్టారు. తూము నోట్లో చికెన్ కొట్ల ఈకల మూటలు. అలుగు మీద సిమెంటు రోడ్డు, దాని మీద స్పీడ్ బ్రేకర్ కూడా!

ఇదంతా కొత్త గొడవ కాదు. అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్లకు ఇచ్చేస్తే తిరుపతి ఇంటెలెక్చువల్స్ ఫోరం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ చెరువులు వాడుకలో లేవనేది అప్పటి ప్రభుత్వ వాదన. చెరువులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని 2006లో కోర్టు చెప్పింది. కొత్త కట్టడాలు వద్దంది, కట్టేసిన ఇళ్ల కప్పుల మీది వాననీటిని ఇంకించమంది, నీళ్లు తెచ్చే వంకను బాగుచేయమంది. దేశమంతా ఉదాహరించే ఆ తీర్పు మన ఊరిదే. తిరుపతిలో ఎంతమంది అధికారులు దాన్ని తెరిచి చూశారో గానీ, చిత్తడి నేలల దినోత్సవం నాడు మాత్రం పిల్లలను ఎండలో ర్యాలీ తిప్పి, ఏసీ హాల్లో ప్లాస్టిక్ బాటిళ్లు పంచి, ప్రతిజ్ఞ చేయిస్తారు. అర్జీ పట్టుకుని వెళితే రెవెన్యూ వాళ్లు ఇరిగేషన్‌ను అడగమంటారు, ఇరిగేషన్ వాళ్లు పంచాయతీని, పంచాయతీ వాళ్లు మళ్లీ రెవెన్యూని. ఇప్పుడు మేము వాట్సాప్‌లో ‘గుడ్ మార్నింగ్ సార్’తో సహా అర్జీ పెడుతున్నాం. నీలం టిక్కు పడుతోంది, అంతే.

కాబట్టి మీకో విన్నపం. మండలంలోని చెరువులన్నీ సర్వే నంబర్లతో, విస్తీర్ణంతో, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దురాళ్లు నాటారో లేదో వివరంతో సహా వరుసగా వేయండి. జిల్లా పేజీలో రాజహంసల పక్కన చోటు దొరక్కపోతే స్థలాల ప్రకటనల పేజీలో వేసినా సరే, కొనేవాళ్లు ముందు అదే చూస్తారు.

– ఓ పాఠకుడు, తిరుపతి రూరల్