చరిత్ర అధ్యయన సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ ఉపన్యాసాలు ఈ ఏడాదీ జరిగాయి. అన్నీ రాస్తే నివేదిక చాంతాడంత అవుతుంది కాబట్టి, ప్రాచీన సైన్యాలు పట్టుకున్న ఊళ్లలో స్త్రీలపై జరిగిన అత్యాచారాల మీద పెట్టిన సదస్సు గురించే చెబుతాను. ఈ విషయం మనకెందుకని పెద్దలే కొందరు అన్నారు. హాలు ఇస్తామన్న ఆఫీసువారు టాపిక్ వినగానే ఫోనెత్తడం మానేశారు. చివరికి లైబ్రరీ మేడ మీద గదిలో జరుపుకున్నాం.

ఉదయం చర్చ సైనిక క్రమశిక్షణ మీద. క్రీ.పూ. 280లో దక్షిణ ఇటలీలోని రేగియం నగర రక్షణకు రోమ్ పంపిన కాంపానియా (ఇటలీలోనే ఒక ప్రాంతం) దళమే అక్కడి మగవాళ్లను చంపి, తరిమి, వాళ్ల భార్యాబిడ్డలను సొంతం చేసుకుంది. క్రీ.పూ. 270లో రోమ్ ఆ ఊరిని తిరిగి పట్టుకుని, ప్రాణాలతో చిక్కిన మూడు వందల మందికి పైగా సైనికులను రోమ్ నగర కూడలి అయిన ఫోరంలో కొరడాలతో కొట్టించి తలలు నరికించింది. మిత్రుల్లో పోయిన నమ్మకం నిలబెట్టుకోవడానికే అలా చేశారని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. అలెగ్జాండర్ కూడా, కిరాయి సైనికుల భార్యలను చెరిచిన ఇద్దరు మాసిడోనియన్లను, నేరం రుజువైతే క్రూరమృగాల్లా చంపమని తన సేనాని పార్మేనియోకు ఉత్తరం రాశాడు. అక్కడా బాధితులు సొంత పక్షం వాళ్లే. శత్రువు ఇంటి ఆడవాళ్లు మాత్రం కొల్లసొమ్ము కింద లెక్క.

మధ్యాహ్నం కియోమారా కథకు గది కిక్కిరిసింది. క్రీ.పూ. 189లో రోమన్ సేనాని మాన్లియస్ వుల్సో నేటి టర్కీలోని గలాతియా మీద దండెత్తినప్పుడు రోమన్లకు బందీగా చిక్కింది, అక్కడి నాయకుడి భార్య ఆవిడ. కాపలా ఉన్న సెంచూరియన్ (రోమన్ దళనాయకుడు) ఆమెను చెరిచి, పైగా బంగారమిస్తే వదులుతానని బేరం పెట్టాడు. అతను బంగారం తూచుకుంటుండగా ఆమె తన భాషలో చెప్పింది, బంగారం తెచ్చిన ఆమె మనుషులు అతని తల తీసేశారు. ఆ తలను బట్టలో చుట్టి తెచ్చి భర్త కాళ్ల ముందు పడేసింది. రోమ్ తనంతట తాను అతన్ని శిక్షించేదా అని ఒక సభ్యురాలు అడిగారు. వక్త చాలాసేపు మాట్లాడారు గానీ అవునని మాత్రం అనలేదు.

వక్తలకు, లైబ్రేరియన్ గారికి, ప్రొజెక్టర్ ఇచ్చినవారికి, టీ, ఉప్మా చూసుకున్న సోదరీమణులకు కృతజ్ఞతలు. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వారిలో కుర్చీలు వేయడానికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావారు గ్రూపులో "ఆల్ ది బెస్ట్" పెట్టారు, వారికీ కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, కోశాధికారి చదువుతారు. కాస్త లోటుంది. చందా బకాయిలు కడితే సరిపోతుంది.

వచ్చే ఏడాది దక్షిణ ఇటలీలోని లోక్రీ ప్రజలు రోమన్ అధికారి ప్లెమినియస్ దురాగతాలపై రోమ్ సెనేట్‌కు వెళ్లి మొరపెట్టుకున్న ఉదంతం తీసుకుందామని కార్యవర్గం నిర్ణయించింది. టాపిక్ విన్నాక కూడా ఇచ్చే హాలు ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

ఇట్లు,
కార్యదర్శి