బుధవారం చంద్రగిరి ప్రయాణం: అందరూ ఒకసారి చదవండి

వాకింగ్ మిత్రులందరికీ నమస్కారం. పోయినసారి ఒకే రోజు 5 గుళ్లు పెట్టుకుని, ఆఖరికి ఎవరికీ ఏదీ గుర్తులేకుండా చేసుకున్నాం. ఈసారి రెండే చోట్లు. హడావిడి లేదు.

ఉదయం 7 గంటలకు టెంపోలో బయలుదేరి ముందు శ్రీనివాస మంగాపురం. పెళ్లయ్యాక స్వామి, అమ్మవారు 6 నెలలు ఇక్కడే ఉన్నారని చెప్పుకుంటారు కదా, మనం ఒక గంటైనా నిదానంగా కూర్చుందాం.

అక్కడి నుంచి చంద్రగిరి కోట దగ్గరే. విజయనగర రాజులు పెనుకొండ తర్వాత రాజధాని చేసుకున్న ఊరు ఇది. రాజమహల్ 3 అంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. ఆ కమాన్ల కింద నిలబడితే ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, నాకైతే అదే పెద్ద ఆకర్షణ. లోపల మ్యూజియంలో పాత విగ్రహాలు చూడొచ్చు. శుక్రవారం దానికి సెలవు, అందుకే బుధవారం పెట్టాం. కొండమీది కోట జోలికి మాత్రం పోవద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద తోటలోనే కూర్చోవచ్చు, తోడుగా నేనుంటా.

బీపీ, షుగర్ మాత్రలు, నీళ్ల సీసా, టోపీ మరవకండి. టిఫిన్‌కి మా ఇంటి నుంచి పులిహోర తెస్తాను. పచ్చడి ఎవరు తెస్తారో చెప్పండి, అక్కా, నిమ్మకాయ ఊరగాయ అయితే మరీ మంచిది!

మధ్యాహ్నం 1 గంటకల్లా ఇంటికి. సాయంత్రం ఓపికుంటే అన్నమాచార్య కళామందిరంలో కచేరీ ఏదైనా ఉందేమో చూద్దాం. వచ్చేవాళ్లు సోమవారం లోపల పేరు పెట్టండి.