తొలి ఫలితం పతాక శీర్షికల్లో, మలి పరీక్ష మరుగున

సంపాదకులకు నమస్కారం.

వృద్ధాప్యాన్ని గుర్తుచేసే మాటలు చదివితే మనకు తెలియకుండానే నడక నెమ్మదిస్తుందని పత్రికల్లో, వ్యక్తిత్వ వికాస వ్యాసాల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. నేనూ దీన్ని ఏళ్ల తరబడి తరగతిలో రుజువైన సంగతిగానే చెప్పాను. ఆ విద్యార్థులందరినీ వెతికి పట్టుకుని సరిదిద్దలేను కనుక మీకు రాస్తున్నాను.

1996లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బార్గ్ బృందం ప్రచురించిన ఆ ప్రయోగంలో పాల్గొన్నది 30 మంది విద్యార్థులే. అదే మరోసారి చేసినప్పుడూ 30 మందే. చెదిరిన పదాలతో వాక్యాలు కూర్చమన్నారు. సగం మందికి ఇచ్చిన పదాల్లో ‘ముడతలు’, ‘నెరసిన’ వంటివి కలిపారు. పని ముగించుకుని వెళ్తున్నవారి నడకను స్టాప్‌వాచ్‌తో కొలిచారు. ఆ పదాలు చదివినవారు నెమ్మదిగా నడిచారని రాశారు. ముందు చూసిన మాట మనకు తెలియకుండానే తర్వాత చేసే పనిపై ఇలా ప్రభావం చూపడాన్ని ప్రైమింగ్ అంటారు.

2012లో బెల్జియం పరిశోధకులు 120 మందితో, స్టాప్‌వాచ్‌కు బదులు పరారుణ కిరణాల సెన్సర్లు అమర్చి, మళ్లీ పరీక్షించారు. తేడా కనబడలేదు. అంతటితో ఆగక మరో ప్రయోగం చేశారు. ఈసారి నడక నెమ్మదించింది, కానీ ‘వీళ్లు నెమ్మదిగా నడుస్తారు’ అని ప్రయోగం నిర్వహించేవారికి ముందే చెప్పి ఉంచినప్పుడు మాత్రమే! కొలిచేవారి ఆశ కొలవబడేవారి కాళ్లలోకి ఎలా చేరిందో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఫలితాలను నమ్మక తప్పదని 2011లో తన పుస్తకంలో రాసిన నోబెల్ గ్రహీత డేనియల్ కానెమన్, మరుసటి ఏడాదే ఈ రంగంలోని పరిశోధకులకు లేఖ రాసి, ఒకరి ప్రయోగాలను మరొకరు తిరిగి చేసి చూడమని కోరారు. కొద్దిమందిపైనే చేసిన అధ్యయనాలపై అతిగా నమ్మకం పెట్టుకున్నానని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

ప్రైమింగ్ అంతా బూటకమని నేననడం లేదు. ‘డాక్టర్’ అనే మాట చూశాక ‘నర్సు’ అనే మాటను త్వరగా గుర్తుపడతామన్నది ఎన్నోసార్లు నిలిచిన ఫలితం. మాటను గుర్తుపట్టడం వేరు, ప్రవర్తనే మారిపోవడం వేరు. పరిస్థితులు కాస్త మారితే ప్రభావం కనబడకపోవచ్చని సమర్థకులు అంటారు. కావచ్చు. అంత సున్నితమైనదాన్ని నిత్యజీవిత సూత్రంగా ఎలా అచ్చువేస్తాం?

మీ పత్రికను కోరేది ఇదే. ఇలాంటి వార్త వేసినప్పుడు ఎంతమందిపై పరీక్షించారో, వేరొకరు తిరిగి చేసి చూశారో లేదో మొదటి పేరాలోనే రాయండి. ఆ ఫలితం తర్వాత నిలవకపోతే ఆ సంగతినీ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు