గోంగూర ఎందుకు ఆలస్యమైంది, మా అమ్మాయి ఏం చదివింది

జులైలో గోంగూర పచ్చడికి డబ్బు కట్టి ఇంతవరకూ సీసా అందుకోని 42 ఇళ్ళవాళ్ళని ముందుగా క్షమించమని అడుగుతున్నాను. పచ్చడి పెట్టాను. మూడో రోజుకే పైన తెల్లగా బూజు తేలింది. తప్పు ఆకుది కాదు. ఎండాకాలంలో ఇక్కడ న్యూజెర్సీ పొలాల్లోనే గోంగూర పండుతుంది, లేతగా, పుల్లగా చాలా బాగుంటుంది. కడిగాక రాత్రంతా గుడ్డ మీద ఆరాలి. నేను తడి పూర్తిగా పోకముందే బాండీలో వేశాను. అంతా పారబోశాను. డబ్బు తిరిగి కావాలన్నవాళ్ళకి పంపేశాను. మిగతావాళ్ళకి ఆగస్టు మొదటి వారంలో కొత్తగా పెట్టి ఇస్తాను.

ఆ రాత్రి నా ధ్యాస పచ్చడి మీద లేదు. జులై మూడో శనివారం మా అమ్మాయి బాత్ మిట్స్వా. ఆర్డర్లు ఆపేయాల్సింది, ఆపలేదు. కిచెన్ పది రోజులు ఎందుకు మూశానో కూడా మీకు సరిగ్గా చెప్పలేదు. మీలో చాలామంది "ఓణీల ఫంక్షనా?" అని మెసేజ్ పెట్టారు.

మా ఆయనది యూదుల కుటుంబం. ఆడపిల్లకి పన్నెండో పదమూడో ఏడు వచ్చేసరికి ధర్మం ప్రకారం తన మంచిచెడ్డలకి తనే జవాబుదారీ అవుతుందని వాళ్ళ నమ్మకం. బాత్ మిట్స్వా అంటే ధర్మాజ్ఞకి కూతురు అని అర్థం. ఓణీల వేడుకలో పిల్లని కూర్చోబెట్టి మనం అక్షింతలు వేస్తాం. ఇక్కడ పిల్ల నిలబడి వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా చదువుతుంటే ఊరంతా కూర్చుని వింటుంది. మగపిల్లలకి ఇది ఎన్నో వందల ఏళ్ళుగా ఉంది. అమెరికాలో ఒక ఆడపిల్లకి మొదటిసారి జరిగింది 1922 మార్చి 18న, న్యూయార్క్‌లో. జూడిత్ కాప్లాన్ అనే ఆ అమ్మాయి తండ్రి, రబ్బీ (యూదుల మతగురువు) మొర్దెకై కాప్లాన్, ముందుకొచ్చి జరిపించారు. మా అత్తగారికి చిన్నప్పుడు జరగలేదు. మనవరాలి పక్కన నిలబడి ఆశీర్వచనం చదవమని పిలిచినప్పుడు ఆవిడ చేతిలో కాగితం వణుకుతూనే ఉంది.

నేను యూదురాలిని కాను. పాత సంప్రదాయంలో తల్లిని బట్టే బిడ్డ యూదు అవుతుంది. తండ్రి వైపు నుంచి వచ్చినా, యూదు పద్ధతిలో పెంచితే చాలని యూదుల్లో రిఫార్మ్ అనే శాఖ 1983లో తీర్మానించింది. మేం వెళ్ళే సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, ఆ శాఖదే. అందుకే మా పిల్లకి ఆ వేదిక దొరికింది.

తేదీ పెట్టుకునేటప్పుడు రెండు వైపులా చిక్కే. "ఆషాఢంలో శుభకార్యమేంటే?" అంది అమ్మ. అత్తగారి వైపు, వాళ్ళ పంచాంగంలో తమ్ముజ్ నెల 17 నుంచి అవ్ నెల 9 దాకా మూడు వారాలు, యెరూషలేం ఆలయం కూలిన దుఃఖంలో, పెళ్ళిళ్ళూ మేళతాళాలూ పెట్టుకోరు. తోరా చదవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కాబట్టి చదువూ భోజనమూ ఉంచి, పాటలూ, పిల్లని కుర్చీలో ఎత్తి ఆడించడమూ తర్వాతికి వాయిదా వేశాం. అమ్మ కూడా "చదువుకి ఆషాఢమేముంది" అని ఒప్పుకుంది.

120 మందికి భోజనం నేనే వండాను. బయటివాళ్ళకి అప్పగించడం నాకిష్టం లేకపోయింది. శనివారం వాళ్ళకి విశ్రాంతి దినం, పొయ్యి వెలిగించకూడదు, అంతా శుక్రవారం పొద్దు గుంకేలోపే అయిపోవాలి. అందుకే రాత్రి ఊరితే రుచి పెరిగేవే ఎంచుకున్నాను: తొమ్మిది కిలోల బియ్యంతో పులిహోర, ఆవడలు, బొబ్బట్లు. పాలూ మాంసమూ కలపకూడదని వాళ్ళ నియమం. సినగాగ్ వంటింట్లోకి మాంసమే రానివ్వరు కాబట్టి నెయ్యికి ఇబ్బంది రాలేదు. కానీ ప్రతి పొట్లం మీదా కోషర్ గుర్తు, అంటే వాళ్ళ ఆహార నియమాలకి సరిపోతుందన్న గుర్తు, ఉండాలి. ఇంగువ నుంచి ఆవాల దాకా అన్నీ కొత్తగా కొన్నాను. అత్తగారు జడలా అల్లిన హల్లా రొట్టెలు చేశారు. అవి ముగిశాక జనం పులిహోర కోసం రెండోసారి లైన్ కట్టారు.

కానుకలు 18, 36, 180 డాలర్లుగా వచ్చాయి. హీబ్రూలో అక్షరాలకి అంకెలుంటాయి, 'బతుకు' అనే మాటని కూడితే 18 వస్తుంది. అమ్మకి ఇది ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. కవరు నాలుగు మూలలా పసుపు రాసి 116 డాలర్లు పెట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను. తోరా చుట్టలో అచ్చులకి గుర్తులుండవు, స్వరాలకి గుర్తులుండవు, ఉత్త హల్లులే. రాగం మొత్తం ముందే కంఠస్థం చేయాలి. తోలు మీద చేత్తో రాసిన అక్షరాల్ని వేలితో తాకకూడదు, చివర చిన్న చెయ్యి ఉన్న వెండి పుల్లతో చూపిస్తూ చదవాలి. తొమ్మిది నెలలు నేను ఆవాలు పొడి కొడుతుంటే పక్క గదిలోంచి అదే రాగం వినపడేది. ఆ రోజు పెద్దమ్మ తెచ్చిన పట్టు పరికిణీ మీద తాతగారు కప్పిన తలిత్‌తో (ప్రార్థనప్పుడు కప్పుకునే శాలువా) నిలబడి, పదకొండు వాక్యాలూ ఎక్కడా ఆగకుండా చదివింది.

ఆ వారం వచ్చే భాగం సెలోఫెహదు కూతుళ్ళ కథ. అయిదుగురు అక్కచెల్లెళ్ళు. తండ్రి ఎడారిలో చనిపోయాడు, కొడుకుల్లేరు. జనం అందరి ముందూ మోషే దగ్గరికొచ్చి, కొడుకు లేడని మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అన్నారు. మోషే దేవుణ్ణి అడిగితే, వాళ్ళు చెప్పింది నిజమే, ఇవ్వమని జవాబొచ్చింది.

చదవడం అయ్యాక పిల్ల తన మాటల్లో దాని గురించి మాట్లాడాలి. మా పిల్ల మా పుట్టింటి ఊరు తెనాలి గురించి మాట్లాడింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి మాత్రం ఇవ్వలేదు. "మా పెద్దమ్మకి 1984లో పెళ్ళయింది. అప్పుడు మా అమ్మకి ఏడేళ్ళు" అంది. ఇది నేను చెప్పలేదు, వాళ్ళ అమ్మమ్మని అడిగి తెలుసుకుందట.

నిజమే. 2003లో పొలం పంచుకున్నప్పుడు అన్నయ్యకీ నాకూ వచ్చింది, అక్కకి రాలేదు. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసినా, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి పోలేదు. నా వాటా అమ్మిన డబ్బే ఈ కిచెన్‌కి పెట్టుబడి. మీరు మెచ్చుకునే గోంగూర, పండుమిర్చి చేయి మాత్రం అక్కది. నాకు నేర్పింది ఆవిడే.

అక్క నా పక్కనే కూర్చుంది. పిల్ల ఇంగ్లీషులో చెప్పేది నేను చెవిలో తెలుగులో చెబుతున్నాను. అంతా విని, "వాళ్ళు అడిగారు కదే. నేను అడగలేదు" అంది, అంతే. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు.

పోయిన వారం లాయరు దగ్గర కాగితాలు రాయించాను. ఆగస్టు ఒకటి నుంచి ఈ వ్యాపారంలో సగం అక్కది. పని ఇక్కడ నేనే చేస్తాను, లాభంలో సగం తెనాలి వెళ్తుంది. దీనికోసం ధరలేమీ పెంచడం లేదు. వరలక్ష్మీ వ్రతం బొబ్బట్లు, బూరెలు మాత్రం ఈసారి 60 ఇళ్ళకే తీసుకుంటాను, వారం ముందు చెప్పండి. చేయగలిగినంతకే ఒప్పుకుంటాను.

కొత్త గోంగూర గురువారం వస్తుంది. కడిగి, గుడ్డ మీద పరిచి, ఫ్యాన్ వేసి రాత్రంతా ఆరబెడతాను. పొద్దున్నే ఆకు పట్టుకుని చూపించమంది అక్క, వీడియో కాల్‌లో. ఆవిడ సరేనన్నాకే పొయ్యి వెలిగిస్తాను.